నీళ్ల మీద తేలిన భూమి

నోటీసు వచ్చినప్పుడు మా ఇద్దరి చేతుల్లోనూ పీతలున్నాయి. పెరటి గట్టు మీద ఫోను మోగింది. చెల్లి చేతులు పావడాకి తుడుచుకుని చూసింది, చదివింది, ఇంకోసారి చదివింది. తెచ్చి నా కళ్ల ముందు పెట్టింది. బరంపురంలో మేం డిగ్రీ చదువుతున్న కాలేజీ నుంచి. ఫిజిక్స్ పరీక్షలో ఒక ప్రశ్నకి మా ఇద్దరి జవాబులూ అంకెకి అంకె కలిశాయట. కలిసిన జవాబులన్నీ తప్పేనట. కాపీ జరిగిందని అనుమానమట. సోమవారం పది గంటలకి విచారణకి రావాలట. ఏ ప్రశ్నో మాత్రం రాయలేదు.

చెల్లి అంటే మా చిన్నాన్న కూతురు. నాకంటే ఆర్నెల్లు చిన్నది. రుషికుల్య సముద్రంలో కలిసే మొగకి దగ్గర్లో, గంజాం ఊరి పక్కనున్న మా పేటలో, మా రెండిళ్లకీ ఒకటే పెరడు. నన్ను అప్పా అంటుంది. మా వైపు అక్కని అలాగే పిలుస్తారు. ఒకే బడికి వెళ్లాం, ఒకే కాలేజీలో చేరాం, రోజూ ఒకే బస్సులో బరంపురం వెళ్లొచ్చేవాళ్లం. మా పేటలో ఫిజిక్స్ చదివిన ఆడపిల్లలం మేమిద్దరమే.

కాపీ అని తేలితే ఆ సెమిస్టర్ పరీక్షలన్నీ రద్దు, ఏడాది పాటు కాలేజీ గడప తొక్కకూడదు. నాకైతే ఒక ఏడాది పోతుంది, అంతే. మా నాన్న నాలుగు కేకలేసి మళ్లీ పంపిస్తాడు. చెల్లికి అలా కాదు. కాలేజీలో చేర్పించేటప్పుడే చిన్నాన్న తేల్చి చెప్పాడు. ఒక్క పేపరు తప్పినా ఆపించేస్తాను, రొయ్యల కంపెనీ వాళ్లు పిల్లలు కావాలని తిరుగుతూనే ఉన్నారు, అన్నాడు. చిన్నాన్న చెడ్డవాడు కాదు, కానీ అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయనకి రాదు. కాబట్టి సోమవారం ఆ గదిలో తేలబోయేది చెల్లి చదువు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కాపీ అన్న మాట చూడగానే ఒళ్లు మండిపోయింది. నేనా? నేను కాపీ కొట్టడమా? చేతిలో పీతని బుట్టలోకి విసిరేశాను. అమ్మ గుడ్లురిమి చూసింది. కాసేపటికి కోపం కాస్త చల్లారింది. అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. నేను చూడలేదు, అది నిజం. మరి జవాబులు ఎలా కలిశాయి?

పరీక్ష రోజు చెల్లి నా ముందు బెంచీలో కూర్చుంది. సగం పరీక్ష అయ్యాక ఒక్కసారి వెనక్కి తిరిగింది. ఆమె చూపు నా బల్ల మీద పడడం నేను చూశాను. కాపలా ఉన్న మేడం గట్టిగా అదిలిస్తే ముందుకి తిరిగిపోయింది. ఆ రోజు నాకు ఒంట్లో బాగాలేదు, కళ్లు మండుతున్నాయి, అంతగా పట్టించుకోలేదు. నోటీసు వచ్చాక ఆ చూపే గుర్తొచ్చింది. ఇక వదల్లేదు.

అడగొచ్చు కదా అంటారు. అడగలేదు. అడిగితే లేదంటుంది. లేదంటే నమ్మాలో వద్దో నాకు తెలియదు. నమ్మనని ఆమెకి తెలిసిపోతే ఆ పెరట్లో ఎలా బతకాలి? అందుకని పళ్లు బిగించుకుని ఊరుకున్నాను. మూడు రోజులు ఇద్దరం పక్కపక్కన కూర్చుని పుస్తకాలు తిరగేశాం, ఏ ప్రశ్న తప్పయిందో వెతికాం. ఆమె ప్రతి పాఠం తీసి ఇది కాదు కదా, ఇది కాదు కదా అని అడిగేది. నేను ముక్తసరిగా జవాబు చెప్పేదాన్ని. గ్రహాల సాంద్రత లెక్క జోలికి మాత్రం ఇద్దరం పోలేదు. ఆ ఒక్క ప్రశ్నా తప్పయ్యే అవకాశమే లేదనుకున్నాం. అది మా పెరటి లెక్క కదా.

దాని సంగతి చెప్పాలి. మా అమ్మ పీతల మనిషి. మొగలో వలకి పడిన పీతలు తెల్లారేసరికి మా పెరట్లోకి వస్తాయి. కాళ్లు తాడుతో కట్టి, గట్టివి ఒక బుట్టలోకి, బోలువి ఒక బుట్టలోకి వేరు చెయ్యడం ఆమె పని. చూడ్డానికి ఒకే వెడల్పున్న రెండు పీతలు ఒకే బరువుండవు. ఈమధ్యే పెంకులాంటి పై డిప్ప మార్చుకున్న పీత పైకి దిట్టంగా కనిపిస్తుంది కానీ లోపల కండ ఉండదు, నీళ్లుంటాయి. అలాంటిది మంచి బుట్టలో పోయిందంటే కొన్నవాడు మళ్లీ మా గుమ్మం ఎక్కడు. అమ్మ డిప్ప మీద ఈ చివర నుంచి ఆ చివరికి వేళ్లు పరిచి వెడల్పు చూస్తుంది. అరచేతిలో పెట్టుకుని ఒక్కసారి ఎగరేసి పట్టుకుంటుంది. బుట్టలో పడేస్తుంది. ఎలా తెలిసిందని అడిగితే సెయ్యే సెప్పుద్ది అంటుంది, అంతకు మించి ఒక్క ముక్క చెప్పదు.

ప్లస్ టూలో సాంద్రత పాఠం విన్న రోజు సాయంత్రం చెల్లి తక్కెడ తెచ్చి పెరట్లో పెట్టింది. పీతని తూచింది. వెడల్పు వేళ్లతో కొలిచింది. ఆ వెడల్పుని దాంతోనే రెండుసార్లు హెచ్చవేసి, బరువుని దాంతో భాగించింది. నాలుగు వేళ్ల పీతకి అరవై నాలుగు. ఐదు వేళ్ల పీతకి నూట ఇరవై ఐదు. తేడా ఒక్క వేలే, కానీ అది ఆక్రమించే చోటు దాదాపు రెట్టింపు. కాబట్టి ఐదు వేళ్ల పీత బరువు కూడా దాదాపు రెట్టింపు ఉండాలి, లేకపోతే అది నీళ్ల పీత. పీతేమన్నా బంతిలా గుండ్రంగా ఉంటుందా అని నేను వెక్కిరించాను. గుండ్రంగా లేకపోతే ఏమైంది, అన్ని పీతలూ ఒకే తీరుగా ఉన్నాయి కదా, పీతని పీతతో పోల్చడానికి అది చాలు అంది. చాలా తెలివైన మాట అది. నాకు తోచలేదు. ఆ పూట పది పీతలు తూస్తే తొమ్మిదింటికి మా లెక్కా అమ్మ చెయ్యీ ఒకే మాట చెప్పాయి. పదోది అమ్మ పక్కన పెట్టి, ఇందులో మీదే తప్పు అంది.

అప్పట్నించి అది మా ఆట. రెండేళ్లు ఆడాం. వెడల్పు అంటే మొత్తం వెడల్పే. అందులో సగం తీసుకోవాల్సిన అవసరం మా పెరట్లో ఎప్పుడూ రాలేదు.

పరీక్షలో ఐదింటి ద్రవ్యరాశి, వ్యాసం ఇచ్చారు: భూమి, చంద్రుడు, అంగారకుడు, గురుడు, శని. సగటు సాంద్రతలు కట్టి, ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయమన్నారు. చూడగానే నవ్వొచ్చింది. ఇవి పీతలే కదా అనుకున్నాను. గురుడు అందరికంటే పెద్ద పీత, కానీ బోలు. శని ఇంకా బోలు. భూమి చిన్నదే కానీ అరచేతిలో పెట్టుకుంటే చెయ్యి కిందికి దిగిపోయే రకం. చకచకా కట్టేసి, వరస రాసేసి, అడుగున గీత కొట్టి పక్క ప్రశ్నకి పోయాను.

సోమవారం పొద్దున్న బస్సెక్కాం. కిటికీ పక్క చెల్లి, ఇటు నేను. ఆమె అలవాటు ప్రకారం నా మోచేతిలోకి చెయ్యి దూర్చి కూర్చుంది. చెయ్యి చల్లగా ఉంది. పొద్దున్న ఏమీ తినలేదు. రుషికుల్య వంతెన దాటుతుంటే కాలేజీకి వెళ్లే రోజుల్లో లాగే కిందికి చూసింది, ఎవరి పడవలు వచ్చాయో లెక్కపెట్టుకోవడానికి. నేను పుస్తకం తెరిచాను. అనుమానమున్న పాఠాలన్నీ చూసేశాం, ఇక వెతకడానికి ఏమీ మిగల్లేదు. ఊరికే తిరగేస్తుంటే గ్రహాల పాఠం వచ్చింది. శని గురించి నాలుగు వాక్యాలున్నాయి. దాని సగటు సాంద్రత నీటికంటే తక్కువ, సుమారు సున్నా పాయింట్ ఆరు తొమ్మిది. దాన్ని పట్టేంత సముద్రం ఉంటే అందులో తేలుతుంది.

సున్నా పాయింట్ ఆరు తొమ్మిది. ఆ అంకె నేను పరీక్షలో రాశాను. కానీ శనికి కాదు, భూమికి.

పుస్తకంలో భూమి సాంద్రత ఐదున్నర. నాది సున్నా పాయింట్ ఆరు తొమ్మిది. ఒకదానికి ఒకటి ఎనిమిదో వంతు. ఎనిమిదంటే రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. సూత్రంలో వేసేది వ్యాసార్థం. వ్యాసంలో సగం. నేను సగం చెయ్యకుండా, పీతకి వేసినట్టు, మొత్తం వెడల్పు వేసేశాను. ఐదింటికీ అదే తప్పు చేశాను కాబట్టి వరస మాత్రం సరిగ్గానే వచ్చింది, అందుకే అనుమానం రాలేదు. రాయీ ఇనుమూ నిండిన భూమిని నీళ్ల మీద తేలేలా చేసి, గీత కొట్టి ఊరుకున్నాను. ఇన్నేళ్లు పీతల్ని చేత్తో ఎగరేసినదాన్ని, ఆ అంకె చూసి ఇదేంటి ఇంత తేలిగ్గా ఉంది అని కూడా అనుకోలేదు.

చెబుదామని చెల్లి వైపు తిరిగాను. నిజంగానే నోరు తెరిచాను. ఆమె కిటికీలోంచి మొగలి పొదల్ని చూస్తోంది.

అప్పుడు నా బుర్రలో ఏం నడిచిందో ఉన్నదున్నట్టు రాస్తాను. ఇవాళ మమ్మల్ని మళ్లీ లెక్క కట్టమంటారు, అది ఖాయం. నాకిప్పుడు తెలుసు, సరిగ్గా చేస్తాను. చెల్లి నాది చూసే రాసి ఉంటే ఏం చెయ్యాలో తెలియక తెల్లమొహం వేస్తుంది. చూడకపోతే తనంతట తనే ఏదో ఒకటి చేస్తుంది. ఇద్దరిలో ఎవరిది నిజమైన చదువో తేలిపోతుంది. మూడు రోజులుగా నన్ను తినేస్తున్నది ఈ పూటతో తేలిపోతుంది. దానికింద ఇంకో ఆలోచన కూడా ఉంది: నాది సరైతే నేను బయటపడిపోతాను. ఆమె చదువు సంగతి ఆ క్షణంలో గుర్తు లేదని అబద్ధం చెప్పను. గుర్తుంది. అయినా నోరు మూసుకుని పుస్తకం మూసేశాను.

ఏటప్పా, ఏటన్నా దొరికినాదా అని అడిగింది చెల్లి. ఏమీ లేదన్నాను.

ఛత్రపురం వచ్చింది. బస్సు ఆగింది, జనం దిగారు, ఎక్కారు. బరంపురం చేరేదాకా ఇంకా బోలెడంత సమయం ఉంది. చెప్పడానికి ఒక్క మాట చాలు: సగం. ఆ మాట చెప్పకుండా అంత దూరం కూర్చున్నాను.

కాలేజీ వరండాలో బెంచీ మీద మమ్మల్ని చెరో చివర కూర్చోబెట్టారు, మాట్లాడుకోకూడదన్నారు. పదిన్నరకి లోపలికి పిలిచారు. బల్ల వెనక ముగ్గురు. ఇద్దరు మేడంలు, మధ్యలో పెద్ద వయసు ప్రొఫెసర్ గారు. ఆయన మాకు పాఠం చెప్పే ఆయన కాదు. ఒడియా ఆయనే కానీ బరంపురంలో పుట్టి పెరిగిన మనిషి, తెలుగు బాగా వచ్చు. కేకలెయ్యలేదు. కేకలేస్తే బాగుండు అనిపించేంత నెమ్మదిగా మాట్లాడాడు. సరైన జవాబులు ఇద్దరివీ కలవడంలో వింత లేదన్నాడు. తప్పు జవాబులు ఐదూ కలవడం మాత్రం తన సర్వీసులో ఎప్పుడూ చూడలేదన్నాడు. అది సాంద్రతల లెక్కేనని అప్పుడు చెప్పాడు. చెల్లి ఉలిక్కిపడి నా వైపు చూసింది. నేను బల్ల వైపు చూశాను.

ఇద్దరికీ వేరు వేరు గదుల్లో కొత్త లెక్క ఇస్తామన్నాడు. బుధుడు, యురేనస్. ద్రవ్యరాశి, వ్యాసం ఇస్తారు, సాంద్రతలు కట్టి పోల్చాలి. ఇంకో మాట కూడా అన్నాడు. మీరు కాపీ కొట్టలేదని తేలితే, ఆ రోజు రాసిన జవాబు తీసేసి ఇవాళ రాసిన దానికే మార్కులేస్తాం, అని. అది మా మంచికే అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. సార్, నాకు తప్పెక్కడుందో తెలిసింది, మా చెల్లికి కూడా చెప్పనివ్వండి, అనొచ్చు. అనలేదు.

పావుగంటలో రాసేశాను. బుధుడికి ఐదు పాయింట్ నాలుగు, యురేనస్‌కి ఒకటి పాయింట్ మూడు దగ్గర. ప్రతిచోటా సగం చేశాను. ఎప్పుడూ చూపించనన్ని మెట్లు చూపించాను. అంతసేపూ గోడకి అవతల చెల్లి ఏం రాస్తోందో అని చెవులు రిక్కించి వింటూనే ఉన్నాను. కాగితం మీద కలం చప్పుడు వినపడుతుందా, పిచ్చిగానీ.

మళ్లీ లోపలికి పిలిచి ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టారు. నేను తలకిందులుగానే చదివేశాను. చెల్లి చేతిరాత ఎటునుంచైనా చదవగలను. బుధుడు సున్నా పాయింట్ ఆరు ఎనిమిది. యురేనస్ సున్నా పాయింట్ ఒకటి ఆరు. బుధుడే ఎక్కువ, అని కింద గీత. మళ్లీ మొత్తం వెడల్పే వేసింది. తనంతట తను, ఒక్కతే, గదిలో తలుపేసుకుని, అదే తప్పు చేసింది.

తెల్లమొహం వెయ్యలేదు. మూడు రోజులు నన్ను తినేసిన ప్రశ్నకి జవాబు అక్కడే దొరికింది. ఆమె నా కాగితం చూడలేదు. చూసి రాసినదైతే ఇవాళ తనంతట తను అదే తప్పు చేసేది కాదు. నాకు సిగ్గేసింది. ఇక మిగిలింది చెల్లి మీద వాళ్లేమంటారో అనే భయం. సరిగ్గా చేసినదాన్ని వదిలేసి తప్పు చేసినదాన్నే పట్టుకుంటారని అనుకున్నాను.

ప్రొఫెసర్ గారు చెల్లి కాగితం మీద వేలు పెట్టాడు.

“ఈ అమ్మాయి ఆ రోజు చేసిన తప్పే ఇవాళా చేసింది. కాబట్టి ఈ తప్పు ఈమెదే, ఎవరి దగ్గరా ఎత్తుకొచ్చింది కాదు.” వేలు నా కాగితం మీదికి జరిపాడు. “నువ్వు ఇవాళ సరిగ్గా చేశావు. నీకు ఈ లెక్క వచ్చు. మరి ఆ రోజు నీ కాగితంలో ఉన్న తప్పు ఎవరిది?”

నేను ఆలోచించిన లెక్కంతా తిరగబడి నా మీదే పడింది. ఆ రోజు నేను చెల్లి వెనక బెంచీలో కూర్చున్నాను. ముందున్నవాళ్ల కాగితం కనపడేది వెనకున్నవాళ్లకే. నాదే సార్ అన్నాను. నీదే అయితే ఇవాళ ఎలా పోయింది, ఎప్పుడు తెలిసింది, ఎలా తెలిసింది, అని అడిగాడు. ఒక మేడం కలం తీసి ఏదో రాసుకోవడం మొదలుపెట్టింది.

ఎప్పుడు తెలిసిందో చెబితే చాలు. బస్సులో, పుస్తకంలో శని సాంద్రత చూసి, ఎనిమిదో వంతని పట్టుకున్నాను, అంటే నమ్మేవాడే. బ్యాగులో పుస్తకం ఉంది, పేజీ కూడా తీసి చూపించొచ్చు. కానీ చెల్లి నా పక్కనే నిలబడి ఉంది. ఆ మాట బయటికొస్తే ముందు వినేది ఆమె. నిలబడ్డాను. ఫ్యాను తిరుగుతోంది. ఆయన ఇంకోసారి అడిగాడు. నేను బ్యాగు మీద చెయ్యి వేసి, తీసేశాను. చూస్తున్నవాళ్లకి అది ఒప్పుకోలులాగే ఉండుంటుంది. నాకే అలా అనిపించింది.

చెల్లి మాట్లాడింది.

“అప్ప నాది సూడలేదు సార్. నాను అప్పది సూడలేదు. పీతలకాడ మాకిది అలవాటు. పీతకి సగం ఎవులు కొలుస్తారు సార్? ఈ సివర్నించి ఆ సివరికి మొత్తం కొలుస్తాం. పీతని పీతతో పోల్సడానికి అది సాలు. గ్రహాలకీ ఇద్దరం అలగే సేసినాం. అప్ప ఇంటికాడ పుస్తకం తీసి తప్పు ఎతుక్కునుంటాది. నాకు దొరకలేదు, అంతే.”

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. పీతలేమిటని అడిగాడు. చెల్లి బల్ల మీద వేళ్లు పరిచి చూపించింది, డిప్ప వెడల్పు, అరచేతిలో ఎగరెయ్యడం, తక్కెడ, మా ఆట, అన్నీ చెప్పింది. భయంలేదు ఆమెకి. లెక్క గురించి మాట్లాడేటప్పుడు ఎప్పుడూ ఉండదు. నాలుగు వేళ్ల పీతకి ఎంత అని ఆయన నన్నడిగాడు. అరవై నాలుగు అన్నాను. ఐదు వేళ్లకి అని ఆమెనడిగాడు. నూట ఇరవై ఐదు. ఆరుకి, ఏడుకి, ఎనిమిదికి. ఇద్దరం ఒకరి మాట మీద ఒకరం చెప్పుకుంటూ పోయాం. కలం పట్టుకున్న మేడం నవ్వు ఆపుకుంటోంది.

చివరికి ఆయన చెల్లిని అడిగాడు. ఆ రోజు వెనక్కి తిరిగావని కాపలా ఉన్న మేడం రాసింది, ఎందుకు తిరిగావని.

“అప్పకి ఆ రోజు జొరం సార్. బల్ల మీద పడిపోద్దేమోనని సూసినాను.”

నేను ఆ గదిలో అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాటకి ఏడ్చాను. విచారణ భయంతో ఏడుస్తున్నానని అనుకున్నారు. ఒకావిడ మంచినీళ్లు ఇచ్చింది.

కాపీ కాదని రాసి, ముగ్గురూ సంతకాలు పెట్టారు. ప్రొఫెసర్ గారు చెల్లి కాగితం మీద సూత్రంలో వ్యాసార్థం చుట్టూ సున్నా చుట్టి, పోల్చడానికి నీ పద్ధతి చాలు, ఎంత అని చెప్పాలంటే మాత్రం సగం చెయ్యాలమ్మా, అన్నాడు. చెల్లి ఆ సున్నా వైపు చూసింది. ఓ, అంది, అంతే. ఒక్క క్షణంలో మొత్తం అర్థమైపోయినవాళ్లు అనే ఓ. తరవాత నెమ్మదిగా నా వైపు తిరిగి చూసింది. అంతకు ముందే ఆయన మాట ఇచ్చేశాడు కాబట్టి, ఇవాళ రాసిన కాగితానికే మార్కులు. నాకు పూర్తిగా వచ్చాయి. ఆమెకి వరసకి ఏదో ఒకటో రెండో ఇచ్చారు.

ఫలితాలు వచ్చినప్పుడు ఆ పేపర్లో చెల్లికి నాలుగు మార్కులు తక్కువయ్యాయి; ఆ రోజు సగం చేసి ఉంటే ఆ నాలుగూ వచ్చేవే. పేపరు తప్పింది. మళ్లీ రాసుకోవచ్చు, అందరూ రాస్తారు, అని మా నాన్న, అమ్మ, నేను చిన్నాన్న కాళ్లా వేళ్లా పడ్డాం. ఆయన మాట తప్పలేదు. రొయ్యల కంపెనీకి మాత్రం పంపలేదు, మా అమ్మ పోనివ్వలేదు. మర్నాటి నుంచి చెల్లి పెరట్లో అమ్మ పక్కన కూర్చుంది.

ఇప్పుడు నేను పురుషోత్తంపూర్లో ఒక బడిలో సైన్సు చెబుతున్నాను. ఏటా సాంద్రతల పాఠం వస్తుంది. బోర్డు మీద సూత్రం రాసి, సగం, సగం, సగం అని మూడుసార్లు అంటాను. పిల్లలు నవ్వుతారు, నాకు ఆ పేరే పెట్టారని తెలుసు. చెల్లి చెయ్యి ఇప్పుడు అమ్మ చేతికంటే నమ్మకమైనదని మొగ దగ్గర అందరూ అంటారు. కొనేవాళ్లు ఆమె బుట్ట కోసం ఆగుతారు. నేను ఇంటికెళ్లిన ప్రతిసారీ అడక్కుండానే రెండు గట్టి పీతలు తీసి నా కోసం పక్కన పెడుతుంది. ఆ పీతలు చేతిలో పెట్టుకున్న ప్రతిసారీ నాకు ఆ బస్సే గుర్తొస్తుంది. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు.

ఇంత రాశాను కానీ, ఆ రోజు తిరుగు ప్రయాణం సంగతి ఇంకా రాయలేదు.

మధ్యాహ్నం బస్సు. మళ్లీ కిటికీ పక్క చెల్లి, ఇటు నేను. పొద్దుటిలాగే నా మోచేతిలోకి చెయ్యి దూర్చింది. బయటపడ్డామన్న సంతోషం మొహంలో ఉంది. ఇవాళ్టి మార్కులు పోయినా మిగతా ప్రశ్నలతో గట్టెక్కుతానని లెక్కలేసుకుంటోంది. ఛత్రపురం దాటింది. మొగలి పొదలు వచ్చాయి. అప్పుడు అడిగింది, మామూలుగానే, బస్సులో ఊసుపోక అడిగినట్టు.

“నిన్ననే తెలిసినాదా అప్పా, ఆ సగం సంగతి?”

అవును అనేస్తే సరిపోయేది. నిన్న తెలిసి మర్చిపోయానంటే నమ్మేది, నా మాట ఏదైనా నమ్మేది. కానీ ఆ చెయ్యి నా చేతిలో ఉంది.

“కాదే. పొద్దున్న. బస్సులో, వంతెన దాటినాక.”

ఆమె నా ఒళ్లో ఉన్న బ్యాగు వైపు చూసింది. వంతెన దాటాక మేం ఎక్కడ కూర్చున్నామో, నేను పుస్తకం తెరవడం, మూసెయ్యడం, తను అడగడం, నేను ఏమీ లేదనడం, అన్నీ వరసగా గుర్తుచేసుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. లెక్కలో ఆమె ఎప్పుడూ నాకంటే చురుకు.

“నీ పక్కనే కూకున్నాను గదప్పా,” అంది.

చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. వంతెన వచ్చింది. ఈసారి ఆమె కిందికి చూసి పడవలు లెక్కపెట్టలేదు.